క్లచ్ అక్క పెట్టిన వీడియోలు, కంపెనీ తీసేసిన వీడియోలు

ఆమె అసలు పేరు డ్రైవింగ్ స్కూలు బోర్డు మీద ఉంది కానీ, దాన్ని చదివినవాళ్ళు తక్కువ. పక్క సీట్లో కూర్చుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా "క్లచ్, క్లచ్" అంటూనే ఉంటుంది కాబట్టి నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళంతా ఆమెను క్లచ్ అక్క అన్నారు. మొదట్లో చాటుగా, తర్వాత మొహం మీదే. కొన్నాళ్ళకు ఆమే ఫోనెత్తి "క్లచ్ అక్కను మాట్లాడుతున్నా" అనడం మొదలుపెట్టింది. దాంతో ఆ పేరు ఖాయమైపోయింది.

నేనూ ఆమె దగ్గరే నేర్చుకున్నాను. స్కూలంటే ఒక గది, ఒక తెల్లకారు. గదిలో రోడ్డు గుర్తుల పటం, ఊడదీసిన పాత స్టీరింగు, ప్లాస్టిక్ కుర్చీలు. కారులో ఆమె కాళ్ళ దగ్గర అదనంగా ఇంకో బ్రేకు. ఆ బ్రేకే లేకపోతే మాలో సగం మంది ఈ కథ వినడానికి మిగిలేవాళ్ళం కాదు.

అక్క మహా నిదానస్తురాలు. మనం ఎవరి గోడను గుద్దబోయినా గొంతు పెంచదు. ఆమెకు కోపం వచ్చేదల్లా సినిమా చూసేటప్పుడే. హీరో కారు నడుపుతూ పక్కనున్న హీరోయిన్ వైపు తిరిగి, పల్లవి మొత్తం ఆమె కళ్ళలోకి చూస్తూ పాడేస్తాడు. చరణం వచ్చినా రోడ్డు వైపు తిరగడు. సోఫాలో కూర్చున్న అక్క కాలు తనకు తెలియకుండానే నేలను గట్టిగా తొక్కేది. కళ్ళజోళ్ళ షాపు నడిపే ఆమె భర్త ఒకసారి "సినిమాయే కదా" అన్నాడు. ఆ పూటంతా ఆమె అతనితో మాట్లాడలేదు.

సినిమాల్లో ఆమె మెచ్చిన మనిషి ఒకే ఒక్కడు. పాత సినిమాల్లో ఎప్పుడు చూసినా డ్రైవరు వేషమే వేసిన నటుడు. పెద్దింటివాళ్ళ కారు, పోలీసు జీపు, పెళ్ళివారి బస్సు, దొంగల వ్యాను, ఏదైనా నడిపేది ఆయనే. తెర మీద ఆయన పేరు చిట్టచివర, కుర్చీలు బల్లలు అద్దెకిచ్చినవాళ్ళకు కాస్త ముందు వచ్చేది. మాటలు కూడా "ఎక్కండమ్మా", "దిగండి బాబూ" తప్ప పెద్దగా ఉండేవి కావు. కానీ ఆయన రోడ్డు చూసేవాడు. వెనక సీట్లో ప్రేమలు పుడుతున్నా, ఆస్తి కాగితాలు చిరుగుతున్నా, పీకలు తెగుతున్నా ఆయన చూపు రోడ్డు మీద నుంచి కదిలేది కాదు. బయల్దేరే ముందు అద్దం సర్దుకునేవాడు. రెండు చేతులూ స్టీరింగు మీదే. మొత్తం సినిమావాళ్ళలో లైసెన్సు ఇవ్వదగ్గ మనిషి ఆయనొక్కడే అని అక్క తీర్పు.

ఈ అభిమానంలో ఆమెకు తోడు అత్తగారు. అత్తగారికి డ్రైవింగుతో పని లేదు. ఆవిడకు ఆయన మీసం నచ్చింది. ఒక్కో చివర సన్నగా పైకి తిరిగి, వానలో తడిసినా, లారీ గుద్దినా చెక్కుచెదరని మీసం.

మధ్యాహ్నం పాఠాలు లేని ఖాళీలో అక్క ఫోన్‌లో వీడియోలు కత్తిరించడం, అతికించడం నేర్చుకుంది. ఆయన అద్దం సర్దుకున్న ముక్కలన్నీ ఏరి, ఒకదాని వెనక ఒకటి పేర్చి, "డ్రైవరుగారు అద్దం సర్దుకున్న సందర్భాలు" అని పేరు పెట్టి నెట్‌లో పెట్టింది. మొదట చూసింది చుట్టాలు, ఆ తర్వాత మేము. మేము చూడక తప్పదు, బ్రేకు ఆమె కాలి కింద ఉంది. మెల్లగా ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా చూడసాగారు. ఒకాయన ఆఫీసు నుంచి చిరాగ్గా వచ్చి ఇది చూస్తే మనసు కుదుటపడిందని రాశాడు. అక్క పొంగిపోయి, సిగ్నల్ దగ్గర ఆయన ఓపిగ్గా ఆగిన దృశ్యాలతో రెండోది, హారన్ కొట్టాల్సి ఉన్నా కొట్టకుండా ఊరుకున్న దృశ్యాలతో మూడోది చేసింది.

ఒకరోజు అద్దాల వీడియో మాయమైంది. దాని చోట నల్లటి పలక, హక్కుదారుల కోరిక మీద తొలగించామన్న రెండు ముక్కలు. ఆ హక్కుదారులంటే పాత సినిమాలన్నీ కొనిపెట్టుకున్న ఒక కంపెనీ. కింద ఒక హెచ్చరిక కూడా ఉంది. ఇలా మూడు తప్పులైతే చానెల్ మొత్తం మూసేస్తారట.

జీవితంలో ఒక్క చలానా కూడా కట్టని మనిషి. తప్పు అన్న మాటను ఫోన్ దగ్గరగా పట్టుకుని రెండుసార్లు చదివింది.

ఆ రోజుల్లో ఆమె దగ్గర ఒక వకీలుగారు నేర్చుకుంటున్నారు. కోర్టులో ఎదుటివాళ్ళను మూడు చెరువుల నీళ్ళు తాగించే మనిషి, కారు వెనక్కి నడపమంటే మాత్రం చెమటలు కక్కేవారు. కాపీరైటు వ్యవహారాలు తనకు మంచినీళ్ళ ప్రాయమని ఆయన ధైర్యం చెప్పారు. చిక్కేమిటంటే, చట్టం గురించి మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడటం ఆయనకు అలవాటు.

"చూడండి మేడమ్, ఎంత వాడారన్నది ఒక ప్రశ్న, ఎందుకు వాడారన్నది ఇంకో ప్రశ్న" అన్నారాయన పూర్తిగా ఆమె వైపు తిరిగి.

"ముందు చెత్తకుండీ ఉందన్నది మూడో ప్రశ్న సార్. క్లచ్" అంది అక్క, తన బ్రేకు తొక్కుతూ.

ఆ చెత్తకుండీకీ కారుకీ మధ్య వేలెడు సందులో ఆగి ఆయన మిగతాది వివరించారు. విమర్శ కోసమో, సమీక్ష కోసమో కొద్దిగా వాడుకుంటే చట్టం చూసీ చూడనట్టు పోతుందట. ఏ మాటా చెప్పకుండా ముక్కలు మాత్రమే పేర్చి పెడితే మాత్రం కంపెనీది పైచేయి అవుతుందట. అక్కకు సగమే అర్థమైంది. మిగతా సగం ఆమె విద్యార్థులు పూరించారు. బొమ్మను కుడి ఎడమలు తిప్పేసి పెడితే కంపెనీవాళ్ళ యంత్రం పోల్చుకోలేదని ఎవరో చెవిన వేశారు.

ఆమె అలాగే తిప్పేసి మళ్ళీ పెట్టింది. నిజంగానే ఎవరూ పట్టుకోలేదు. కానీ సాయంత్రం టీ తాగుతూ తన వీడియో తానే చూసుకుని ఆమె గ్లాసు కింద పెట్టేసింది. స్టీరింగు అటు మారింది. డ్రైవరుగారు, ఆమె దేవుడిలా చూసుకునే డ్రైవరుగారు, రాంగ్ సైడులో దర్జాగా దూసుకుపోతున్నాడు. ఎదురుగా వచ్చేవాళ్ళూ రాంగ్ సైడే. ఇది చూసి ఎవరైనా నేర్చుకుంటే ఆ పాపం ఎవరిదని ఆమె గిలగిల్లాడింది. టీ చల్లారేలోపు దాన్ని తానే తీసేసింది. కంపెనీ తీసినవి కొన్ని, నేను తీసింది ఒకటి అని ఇప్పటికీ గర్వంగా చెబుతుంది.

తర్వాతి ప్రయత్నానికి అత్తగారు నడుం కట్టింది. యంత్రం పట్టుకునేది సంగీతాన్నేనని ఆవిడ ఎక్కడో విన్నది. సినిమా శబ్దం మొత్తం తీసేసి, ఇంజన్ చప్పుడు, హారను, వెనక వాయించే వాద్యాలు, అన్నీ తన నోటితోనే చేస్తానంది. కోడలు ఫోన్ పట్టుకుంటే, ఆవిడ వంటింటి తలుపు వేసుకుని, గ్లాసెడు నీళ్ళు పక్కన పెట్టుకుని, బుర్రున బండి స్టార్టు చేసి, గేరు మార్చి, మధ్యలో ఆ సినిమాలో వచ్చే రాగం కూనిరాగంగా తీసి, మలుపులో టైర్లు కీచుమనిపించి, ఆయాసంతో కూర్చుండిపోయింది.

ఆ వీడియో మర్నాడు మధ్యాహ్నం వరకు కూడా నిలవలేదు. ఫలానా పాట బాణీని పోల్చుకున్నాం, అందుకే తొలగించాం అని కబురొచ్చింది. రెండో తప్పు.

అక్క తల పట్టుకు కూర్చుంది. అత్తగారు మాత్రం ఆ కబురును మళ్ళీ మళ్ళీ చదివించుకుంది. చిన్నప్పుడు శ్రుతి లేదని తనను పాటల పోటీ నుంచి పంపేసిన ఆవిడ సొంత అక్కగారు ఇంకా బతికే ఉంది. ఆవిడకు ఫోన్ చేసింది.

"నాకు శ్రుతి లేదన్నావుగా. మిషను పోల్చుకుంది, ఏ పాటో కూడా చెప్పింది" అని పెట్టేసింది. తర్వాత ఇంకో ఇద్దరు చుట్టాలకు కూడా చేసింది.

ఇక ఒక్క తప్పు మిగిలింది. వకీలుగారు ఒంటికాలి మీద లేచారు. కంపెనీకి తన ధాటి చూపిస్తానని పొడవాటి అభ్యంతరం రాశారు. అందులో కళ గురించి, ప్రజల హక్కు గురించి, అత్తగారి గొంతు స్వతంత్ర సృష్టి అవుతుందా కాదా అన్న దాని గురించి పేజీలకు పేజీలు. అది పంపిన రోజునే ఆయనకు డ్రైవింగ్ పరీక్ష. అభ్యంతరం వెళ్ళింది, ఆయన పరీక్ష పోయింది. ఆ ఉత్సాహంలో పరీక్ష పెట్టే అధికారి కళ్ళలోకి చూస్తూ నడిపారట.

కొన్నాళ్ళకు కంపెనీ నుంచి ఉత్తరం కాక ఫోనొచ్చింది. అక్క అప్పుడే వకీలుగారి చేత కారు నీడలో ఆపించి, టిఫిన్ డబ్బా తెరుస్తోంది. అవతల ఒక మెత్తటి మగ గొంతు.

"మేడమ్, నేను హక్కుల విభాగంలో పని చేస్తానండి. మీ వీడియోలు తీసేసేది నేనే."

తిట్టాలో, నమస్కారం పెట్టాలో తేలక అక్క డబ్బా మూత మళ్ళీ పెట్టేసింది. అతనే చెప్పుకుపోయాడు. అభ్యంతరం ఒప్పుకోవడం కుదరదట. వకీలుగారి రాత మాత్రం ఆఫీసులో అందరూ చదివారట. తీసేసే ముందు వీడియో పూర్తిగా చూడాలన్నది రూలు కాబట్టి ఇన్నేళ్ళలో తాను చూడని అభిమానుల వీడియో లేదని, అన్నీ గబగబా చూసి నొక్కేస్తానని, ఈ అద్దాల వీడియో ఒక్కటే సెక్షన్‌లో అందరినీ పిలిచి చూపించి, ఇంకోసారి చూసి, అప్పుడు తీసేశానని చెప్పాడు.

"అంత నచ్చితే తీయడం దేనికి నాయనా" అంది అక్క.

"నచ్చడం నా సొంత విషయం మేడమ్. తీయడం ఉద్యోగం" అన్నాడతను బాధగా.

అసలు ఫోన్ చేసింది అందుకు కాదట. ఆ డ్రైవరు వేషాల నటుడు ఇంకా ఉన్నారని, ఇదే ఊళ్ళో ఉంటున్నారని, అద్దాల వీడియోను రోజూ పొద్దున కాఫీతో పాటు చూసేవారని చెప్పాడు. అది మాయమైతే ఫోన్ చెడిపోయిందనుకుని బాగుచేసే షాపుకి పట్టుకెళ్ళారట. ఫోన్ బాగానే ఉందని వాళ్ళు చెబితే కంపెనీకి ఫోన్ చేసి, అది చేసిన పుణ్యాత్ములెవరో కలవాలని ఉంది, నంబరు ఇమ్మన్నారట.

"ఇవ్వమంటారా?"

అక్క వకీలుగారి వైపు చూసింది. పక్కనే స్టీరింగు ముందు కూర్చుని అంతా వింటున్న వకీలుగారు ఆమె తరఫున గట్టిగా ఇవ్వమన్నారు.

ఆయన రమ్మన్నారని ఆదివారం అత్తాకోడళ్ళు బయల్దేరారు. అత్తగారు అద్దం ముందు నిలబడినంత సేపు కోడలు కింద కారు స్టార్టు చేసి ఆపింది, మళ్ళీ స్టార్టు చేసింది. మార్కెట్ వెనక వీధిలో రెండో అంతస్తు. తలుపు తీసిన పెద్దాయన మొహం నున్నగా ఉంది. అత్తగారు ఆయన భుజం మీద నుంచి లోపలికి చూసింది, అసలు మనిషి లోపలెక్కడో ఉన్నాడేమోనని.

"నేనేనమ్మా. మీసం కంపెనీది. షూటింగ్ అయ్యాక పెట్టెలో పెట్టి తీసుకుపోయేవాళ్ళు" అన్నాడాయన.

అత్తగారు చప్పుడు చేయకుండా వెళ్ళి కుర్చీలో కూర్చుంది.

అక్కకు మీసంతో పట్టింపు లేదు. ఆమె నేరుగా విషయంలోకి దిగింది. అంత మంది నటుల్లో ఆయన ఒక్కడే రోడ్డు చూసేవాడని, ఆ చేతులు పెట్టే తీరు చూపించి ఎంతో మందికి నేర్పానని, అసలు ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నారో తెలుసుకోవాలని ఉందని అడిగింది. పెద్దాయన ఇబ్బందిగా కదిలాడు. నీళ్ళు తాగుతారా అన్నాడు. వద్దంటే, టీ తాగుతారా అన్నాడు. అదీ వద్దనేసరికి ఇక దారి లేకపోయింది.

"నాకు డ్రైవింగ్ రాదమ్మా."

అక్క ఆయన చేతుల వైపు చూసింది.

ఆ కార్లను ముందు ఇంకో బండి తాడుతో లాగేదట. లేకపోతే స్టూడియోలో నిలబెట్టి, వెనక నుంచి నలుగురు కుర్రాళ్ళు తోసి ఊపేవాళ్ళట. మొదటి సినిమాలో ఆయన పక్కకు చూస్తుండగా తాడు వదులై కారు గడ్డివాములోకి వెళ్ళిందట. అప్పటినుంచి కళ్ళు పక్కకు తిప్పితే ఒట్టు.

"ఆ కారు నా చేతిలో లేదన్న సంగతి నాకొక్కడికే తెలుసు కదమ్మా. అందుకే అట్లా చూసేవాణ్ణి. అది భయం" అన్నాడు.

"మరి అద్దం సర్దుకోవడం?" అంది అక్క ఆశ చావక.

"వెనక తోసేవాళ్ళు ఉన్నారో, వెళ్ళిపోయారో చూసుకునేవాణ్ణి."

తిరుగు ప్రయాణంలో అక్క అద్దం సర్దుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇంటి దగ్గర దిగుతూ అత్తగారు, మీసం సంగతి ఇంట్లో ఎవరికీ తెలియకూడదని మాత్రం అంది. అక్క ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. చానెల్ మూసేద్దామనుకుంది. స్కూలు గదిలో రోడ్డు గుర్తుల పటం ముందు నిలబడి అటూ ఇటూ చూసింది. డ్రైవింగ్ రానివాళ్ళను తన జన్మలో ఎంతో మందిని చూసింది ఆమె. వాళ్ళందరితో ఏం చేసిందో అదే చేయాలని మర్నాటికి తోచింది. మళ్ళీ ఆ రెండో అంతస్తుకు వెళ్ళి, నేర్పిస్తాను రమ్మంది.

పెద్దాయన ముందు నవ్వాడు, తర్వాత వయసు చెప్పాడు, ఆ తర్వాత చెప్పులేసుకున్నాడు. అక్క భర్త కళ్ళు పరీక్ష చేసి కొత్త జోడు ఇచ్చాడు. డాక్టరు సరేనన్నాడు. నేర్చుకునేవాళ్ళ లైసెన్సు పని వకీలుగారు చూసుకున్నారు. మూతపడ్డ ఫ్యాక్టరీ వెనక ఖాళీ మైదానంలో, పిట్ట కూడా అడ్డం రాని చోట, ఆయన మొదటిసారి నిజం స్టీరింగు పట్టుకున్నాడు. వెనక సీట్లో అత్తగారు ఫోన్ పట్టుకుని వీడియో తీసింది. వీడియోలో సగం ఆయన చెవి, సగం అత్తగారి బొటనవేలు.

ఇంజన్ ఆగింది. మళ్ళీ ఆగింది. ప్రతిసారీ ఆయన అద్దం సర్దుకుని వెనక్కి చూశాడు. తోసేవాళ్ళెవరూ లేరు. కాసేపటికి క్లచ్ దారిలోకి వచ్చి కారు తనంతట తాను కదిలింది. మనిషి నడిచే వేగం కూడా లేదు. అయినా ఆయన మొహం వెలిగిపోయి, చటుక్కున వెనక్కి తిరిగి అత్తగారితో, "చూశారా, ఎవరూ లాగట్లేదు" అన్నాడు.

"రోడ్డు చూడండి" అని అరిచింది అక్క. ఆమె గొంతు అంతగా పెరగడం అదే మొదలు. అరిచి బ్రేకు తొక్కింది. అత్తగారి ఫోన్ ముందు సీటులో పడి కాసేపు పైకప్పును తీసింది.

ఆ వీడియో పెట్టిన రోజు ముందుగా ఫోన్ చేసింది కంపెనీ మనిషే. అందులో తమది ఒక్క ముక్క కూడా లేదని, ఎంత వెతికినా దొరకలేదని చెప్పాడు. అతని గొంతులో కాస్త వెలితి కూడా ఉందని అక్క అంటుంది. వీడియో మాత్రం ఊరూరా తిరిగింది. ముసలివాళ్ళు నేర్చుకుంటామని స్కూలుకు రావడం మొదలుపెట్టారు. కుర్చీలు చాలక వకీలుగారు తన ఆఫీసు నుంచి రెండు తెచ్చి వేశారు.

అంతలో ఒక వింత జరిగింది. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి అదే వీడియోను తన చానెల్‌లో పెట్టుకున్నాడు. వెనక గుండె కరిగిపోయే వేణువు. పైన "ఈ తాతగారి ఆఖరి కోరిక" అని పేరు. పెద్దాయన అక్కకు ఫోన్ చేసి మండిపడ్డాడు.

"ఆఖరిదేంటమ్మా? నేనింకా రివర్స్ నేర్చుకోవాలి."

వకీలుగారు చేతులు రుద్దుకుని తొలగింపు కోరిక రాశారు. ఈసారి హక్కుదారు క్లచ్ అక్క. అది పంపిన సాయంత్రానికే అక్కడ నల్లటి పలక పడింది. అక్క దాన్ని చూసి సంతోషపడబోయింది, కుదరలేదు. మర్నాడు ఆ మనిషి నుంచి సందేశం వచ్చింది. వేణువు తానే వాయించాడట. కొత్తగా నేర్చుకుంటున్నాడట. ఇంట్లో వాయించనివ్వరట, మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడి వాయిస్తాడట. తాతగారంటే ప్రేమతో పెట్టానని, తప్పయితే క్షమించమని రాశాడు.

అక్కకు ఏం చేయాలో పాలుపోలేదు. ఇలాంటివి తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు. అతనికే ఫోన్ చేసింది.

"మీరు రోజూ ఈ పని ఎట్లా చేస్తారండీ?"

"భోజనం చేశాక చేస్తా మేడమ్. ఆకలి మీదుంటే అందరూ పాపం అనిపిస్తారు" అన్నాడు కంపెనీ మనిషి.

ఆమె వెళ్ళి కడుపునిండా తిని వచ్చింది. అయినా ఆ ట్యాంకు పక్కన నిలబడ్డ మనిషే కళ్ళలో మెదిలాడు. చివరికి వకీలుగారు వద్దు వద్దంటున్నా తన కోరిక వెనక్కి తీసుకుని, అతనికి రెండు షరతులు పెట్టింది. వీడియో పేరు మార్చాలి. కారు కదులుతున్నప్పుడు వేణువు వాయించకూడదు, ఇంజన్ చప్పుడు వినబడితేనే నేర్చుకునేవాళ్ళకు గేరు తెలుస్తుంది. ఆగి ఉన్నప్పుడు ఎంతైనా వాయించుకోవచ్చు.

అతను అక్షరాలా పాటించాడు. ఆ వీడియోలో కారు కదిలిన సేపు కంటే ఆగిన సేపే చాలా ఎక్కువ కాబట్టి వేణువు కావలసినంత వినిపిస్తుంది. డ్రైవరుగారు ఇప్పుడు పొద్దున కాఫీతో పాటు దాన్నే చూస్తున్నారు. వాయించడం ఫరవాలేదు గానీ, మలుపుల దగ్గర కాస్త తొందరపడుతున్నాడని ఆయన అభిప్రాయం.